ఊరికే మేస్త్రీ

మా బావ ముందు ఏ మాటైనా అనొచ్చు. ఆయన షెడ్డు కోళ్ల గూడులా ఉందనొచ్చు, ఆయన పెట్టే టీ కషాయంలా ఉందనొచ్చు, ఆయన పాట అందుకుంటే ఎదురింటి కుక్క వీధి వదిలి పారిపోయిందనొచ్చు. అన్నిటికీ నవ్వుతాడు. ఒక్క మాట మాత్రం ఆయన ముందు అనకూడదు. ఆ మాట 'ఊరికే'.

ఊరికే వచ్చాను, ఊరికే నవ్వాను, ఊరికే అడిగాను అని మీరూ నేనూ రోజుకి ఇరవైసార్లు అంటాం, అని మర్చిపోతాం. అది బావ చెవిన పడిందా, చేతిలో పని ఎక్కడిదక్కడ పడేస్తాడు. ఆయనకి షెడ్డులో ఒకటి, ఇంట్లో ఒకటి మూడుకాళ్ల ఇనప స్టూళ్లున్నాయి. దగ్గరున్నదాన్ని కీచుమంటూ లాక్కొచ్చి మీ ఎదురుగా వేసుకుని కూర్చుంటాడు. "ఊరికే ఏదీ జరగదు. చెప్పు. మొదట్నుంచి చెప్పు" అంటాడు. ఆ కీచుమనే చప్పుడు వినబడితే చాలు, మా ఇంటిల్లిపాదికీ గుండెల్లో రాయి పడుతుంది.

బావ వృత్తి కొండబండ్లు బాగుచెయ్యడం. కొండబండి చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. హ్యాండిలు మోటార్‌సైకిలుది, చక్రాలు నాలుగు, ఒక్కొక్కటీ బాగా తిని కూర్చున్న మనిషిలా లావుగా ఉంటుంది. రాళ్లూ బురదా లెక్కచెయ్యదు. మా ఊరి చివర, తారురోడ్డు అయిపోయి కొండదారి మొదలయ్యేచోట బావ రేకుల షెడ్డు ఉంది. అందులో నేను రికార్డు రాస్తాను. బండి, జబ్బు, కారణం అని మూడు గళ్లు. పంతొమ్మిదేళ్లుగా ఇదే నా ఉద్యోగం. ఎందుకు చేస్తున్నావంటే ఏం చెప్పను, ఆయన మా అక్క మొగుడు.

తక్కిన మేస్త్రీలు ముందు ఇంజను విప్పుతారు. మా బావ ముందు మనిషిని విప్పుతాడు. మాటలతోనే లెండి. "మేస్త్రీ గారూ, బండి ఊరికే ఆగిపోతోందండీ" అని ఎవరైనా నోరు జారారంటే, నేను కలం మూత పెట్టి టీకి వెళ్లిపోయేవాణ్ణి. తిరిగొచ్చేసరికి వాళ్ల తాతగారు ఏ సంవత్సరం సైకిలు నేర్చుకున్నారన్నదాకా వచ్చి ఉండేది విచారణ. అందుకే ఊళ్లో ఆయనకి 'ఊరికే మేస్త్రీ' అని పేరు పడిపోయింది. ఆ పేరు విని, ఇక్కడ ఊరికే బాగుచేస్తారనుకుని ఒక పెద్దమనిషి పక్క ఊరి నుంచి బండి తోసుకుంటూ వచ్చాడు. పాపం, ఆయనకి బిల్లూ పడింది, రెండు గంటల విచారణా పడింది.

నా సంగతే వినండి. అక్క పెళ్లయిన కొత్తలో మొదటిసారి వాళ్లింటికి వెళ్లాను. బావ గుమ్మంలోకి రాగానే నాకు నవ్వొచ్చింది.

"ఎందుకు నవ్వావ్?" అన్నాడు.

"ఊరికే బావా" అన్నాను. కొత్త బావ గదా, మర్యాదకి.

అంతే, లోపల్నుంచి స్టూలు వచ్చింది. ఉదయం పదింటికి మొదలై మధ్యాహ్నం ఒంటిగంటకి తేలింది. బావ చొక్కా బొత్తాలు ఒకటి వదిలేసి ఒకదానికి పెట్టుకున్నాడు, కుడివైపు అంచు ఎడమవైపు కంటే బెత్తెడు కిందికి వేలాడుతోంది, నేను నవ్వింది అందుకు. "చూశావా, ఊరికే కాదుగా!" అని ఎంత సంతోషించాడంటే, ఆ ఆనందంలో బొత్తాలు సరిచేసుకోవడం మర్చిపోయాడు.

చిర్రెత్తుకొచ్చే విషయం ఏమిటంటే, ప్రతిసారీ ఆయనకి కారణం దొరుకుతుంది. మా మేనకోడలు ఏడాది పిల్లగా ఉన్నప్పుడు ఓరోజు గుక్కపట్టి ఏడుస్తోంది. పాలు పట్టారు, జోకొట్టారు, ఎత్తుకుని తిప్పారు. "పంతం దానికి, ఊరికే ఏడుస్తోంది" అంది అక్క. బావ స్టూలు మీద కూర్చుని పిల్లని ఒళ్లో వేసుకుని, పానా కోసం తడుముకునే వేళ్లతోనే నెమ్మదిగా మెడ చుట్టూ తడిమాడు. కొత్త గౌనుకి వెనక కుట్టిన చీటీ గుచ్చుకుంటోంది. కత్తిరించాడు, ఏడుపాగిపోయింది. అక్క ఆరోజంతా ఆయనతో మాట్లాడలేదు. "ఎందుకే కోపం?" అని అడిగితే 'ఊరికే' అనడానికి లేదు గనక గిన్నెలు చప్పుడు చేస్తూ పని చేసుకుంది.

బావకి ఇంకో అలవాటుంది. అది నాకు అస్సలు నచ్చేది కాదు. బండికొచ్చిన జబ్బుకి కారణం దొరికాక, దాన్ని నలుగురిలో చెప్పడు. బండి తాలూకు మనిషిని చెయ్యి పట్టుకుని షెడ్డు మూల ఉన్న నీళ్ల డ్రమ్ము వెనక్కి తీసుకెళ్లి చెవిలో చెబుతాడు. ఇద్దరూ తల ఊపుకుంటూ బయటికొస్తారు. "ఏం రాయమంటావు బావా?" అంటే, "క్లచ్చు అరిగిందని రాయి" అంటాడు. "ఎందుకరిగింది?" అంటే, "నీకు ఇచ్చిన గడి ఎంతుంది? బెత్తెడు. అందులో ఎంత పడుతుందో అంతే రాయి" అంటాడు. పంతొమ్మిదేళ్లు కలిసి పనిచేస్తున్న బావమరిదికి చెప్పకూడని రహస్యాలేమిటో అని నేను లోపల్లోపల ఉడికిపోయేవాణ్ణి.

అందరి బండ్లకీ కారణం వెతికే ఈ మహానుభావుడికి తన కళ్ల సంగతి మాత్రం పట్టదు. కాగితం ఇస్తే చెయ్యి బారజాపి, తల వెనక్కి వంచి చదువుతాడు. "ఈమధ్య అచ్చువాళ్లు సిరా పొదుపు చేస్తున్నారు" అంటాడు. చిన్న మరలైతే వేలితో తడిమి సైజు చెబుతాడు. కళ్లజోడు పెట్టించుకోరాదా అని అక్క ఓరోజు గట్టిగా తగులుకుంది.

"నా కళ్లకేమైంది? ఊరి..." అని టక్కున ఆగి నాలిక కరుచుకున్నాడు. "ఊరి జనానికందరికీ ఇంతే!" అనేసి బయటికి వెళ్లిపోయాడు. అక్కా నేనూ వారం రోజులు తలుచుకుని తలుచుకుని నవ్వుకున్నాం.

ఇలాంటి మనిషి దగ్గరికి ఒక సోమవారం పొద్దున్న కొండ నర్సమ్మ వచ్చింది.

నలభై దాటిన మనిషి. ఆస్పత్రి వాళ్లు ఆవిడకో కొండబండి ఇచ్చారు. ప్రతి గురువారం కొండ మీది పదకొండు పల్లెలకీ టీకాలు, మందులు తీసుకెళ్తుంది. బండి దర్జాగా నడుచుకుంటూ వచ్చి షెడ్డు ముందు ఆగింది. ఆవిడ దిగి గొడుగు చంకలో పెట్టుకుని, చేతిలో ఒక కాగితం నలుపుతూ నిలబడింది.

"ఏమైందమ్మా?" అన్నాడు బావ.

"బాగానే పోతూ పోతూ ఊరికే ఆగిపోతోంది మేస్త్రీ గారూ."

నేను కళ్లు మూసుకున్నాను. స్టూలు కీచుమంది.

"పోతూ పోతూ అంటే, ఎంతసేపు పోయాక?"

"కొండెక్కడం మొదలెట్టాక ఇరవై నిమిషాలకి."

"ఇరవయ్యా, ఇరవై రెండా?"

"చేతులు హ్యాండిలు మీద పెట్టనా, గడియారం చూసుకోనా?"

"సరే సరే. ఆగేటప్పుడు టక్కున ఆగుతుందా, దగ్గి ఆగుతుందా?"

"దగ్గుతుంది. రెండుసార్లు దగ్గి, నీరసపడి, ఆగిపోతుంది."

"మంచిది!" అన్నాడు బావ, మొహం వెలిగిపోతూ.

"ఏం మంచిదండీ?"

"టక్కున పోతే కరెంటు జబ్బు. నీరసపడి పోతే తిండి జబ్బు. పెట్రోలు అందట్లేదన్నమాట. తర్వాత?"

"పావుగంట కూర్చుంటాను. మళ్లీ స్టార్టవుతుంది, ఏమీ ఎరగనట్టు."

"ఆ పావుగంటా ఏం చేస్తావు?"

"ఏడుస్తాను."

నేను కిసుక్కున నవ్వాను. బావ నవ్వలేదు. "రాసుకోరా" అన్నాడు. రాసుకున్నాను. జబ్బు గడిలో 'దగ్గు, నీరసం, ఏడుపు' అని ఇప్పటికీ ఉంది, కావాలంటే చూపిస్తాను.

"దిగేటప్పుడు ఆగుతుందా?"

"ఆగదు. మిగతా రోజులు కింద తిరిగినా ఆగదు. గురువారం, ఎక్కేటప్పుడు, అప్పుడే."

"బండికి వారాలు తెలుస్తాయా?" అన్నాను నేను.

"నోర్ముయ్. ఇప్పటిదాకా ఎవరికి చూపించావమ్మా?"

"ముగ్గురికి. ఒకాయన ప్లగ్గు మార్చాడు, ఒకాయన బ్యాటరీ మార్చాడు. మూడో ఆయన ఏదీ మార్చలేదు, ఆడవాళ్లు నడిపితే ఇంతే అన్నాడు." ఆవిడ నలిపిన కాగితం విప్పి నాకిచ్చింది, నేను పైకి చదివాను. బండ్ల ఆఫీసరు రాసిన ఉత్తరం అది. శుక్రవారం ఆయనే తనిఖీకి వస్తాడట. ఆపాటికి బండి బాగుపడాలి, కారణం తేలాలి. లేకపోతే బండి వెనక్కి తీసేసుకుంటారు, కొండ ప్రయాణం రద్దు. మందులు కావలసినవాళ్లే నెలకోసారి కిందికి దిగి రావాలి.

"వాళ్లెలా దిగుతారు మేస్త్రీ గారూ! సగం మందికి మోకాళ్లు లేవు, సగం మందికి చంకలో పిల్లలు" అంది నర్సమ్మ.

బావ బండి సీటు మీద చెయ్యి వేశాడు. "కారణం దొరకనప్పుడల్లా మనిషి మీదికి తోస్తారమ్మా. అది తేలికైన పని. నువ్వు బండి మీద ఏమేం పెడతావు?"

"ఐసుపెట్టె, మందుల పెట్టె, గొడుగు."

"ఇంకా?"

"ఇంకేం లేదండీ" అంది. అంటూ గొడుగు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చింది.

అది నేను చూశాను. నేనే చూశానంటే బావ చూడకుండా ఉంటాడా? ఇక పట్టుకుంటాడు, సాయంత్రందాకా వదలడనుకున్నాను. కానీ బావ గడ్డం గోక్కుని "సరేనమ్మా, బుధవారం సాయంత్రం రా" అని లేచిపోయాడు. విచారణ మధ్యలో స్టూలు మీంచి లేవడం ఆయన చరిత్రలో అదే మొదలు. ఒంట్లో బాగాలేదేమోననుకున్నాను.

మంగళవారం నా ఖర్మ కాలింది. "గురువారం ఎలా ఉంటుందో అలాగే ఉండాలి" అన్నాడు బావ. ఐసుపెట్టెలో ఐసు బదులు రాళ్లు నింపాడు. మందుల పెట్టెలో పాత బోల్టులు పోశాడు. బండితోపాటు ఆవిడ రెయిన్‌కోటు కూడా ఉండిపోయింది. అది నన్ను తొడుక్కోమన్నాడు.

"ఇదెందుకు బావా?"

"మనిషి కూడా కారణంలో భాగమేరా. కోటు కొస ఎక్కడైనా తగిలి పెట్రోలు ఆగుతోందేమో! మన గొడుగు కూడా పట్టుకో."

ఆ కోటు నాకు మోచేతులు దాటలేదు, బొత్తాలూ కాజాలూ ఒకదాన్నొకటి చూసుకోలేదు. అలా ముస్తాబై, గొడుగు వీపుకి కట్టుకుని మెయిన్ రోడ్డు మీదుగా వెళ్లాను. టీకొట్టాయన గ్లాసు కడుగుతూ ఆగిపోయి, "నర్సమ్మకి ఇదేం మాయరోగం, మీసాలొచ్చాయి!" అన్నాడు. కొండెక్కాను, దిగాను, మళ్లీ ఎక్కాను. బండి ఒక్కసారి కూడా దగ్గలేదు. గర్వంగా తిరిగొచ్చాను.

"నువ్వు సరిగ్గా నడపలేదు" అన్నాడు బావ మొహం మాడ్చుకుని.

"శుభ్రంగా నడిచింది కదా!"

"అదే తప్పు. ఆగాలి!"

బాగా నడుస్తున్న బండిని చూసి అంత బాధపడ్డ మెకానిక్కుని మీరెక్కడా చూసి ఉండరు. బుధవారం మధ్యాహ్నం అన్నానికొచ్చినా అదే దిగులు. అక్క వంటింట్లో కొత్త నూనె డబ్బాకి మేకుతో చిల్లు పొడిచి వంచింది. నూనె గుడుగుడుమంటూ రెండు చుక్కలు పడి ఆగింది. అక్క విసుక్కుంటూ అవతలివైపు ఇంకో చిల్లు పొడిచింది. నూనె ధారగా పడింది.

"రెండో చిల్లెందుకు?" అన్నాడు బావ.

"ఎందుకేమిటి, డబ్బాకి ఊపిరాడాలిగా! గాలి లోపలికి వెళ్తేనే నూనె బయటికొస్తుంది. ఇదీ చెప్పాలా?"

బావ కలిపిన ముద్ద కంచంలో వదిలేసి షెడ్డుకి పరిగెత్తాడు, వెనకే నేనూ పరిగెత్తాను. కొండబండి పెట్రోలు ట్యాంకు మూత నుంచి సన్నటి రబ్బరు గొట్టం ఒకటి హ్యాండిలు మీదికి వెళ్తుంది. ట్యాంకు ఊపిరి పీల్చుకునేది దాన్లోంచే. అది మూసుకుపోతే ట్యాంకులోకి గాలి రాదు. గాలి రాకపోతే పెట్రోలు దిగదు, ఇంజను దగ్గి దగ్గి ఆగిపోతుంది. బావ గొట్టం నోట్లో పెట్టుకుని బుగ్గలు పొంగించి ఊదాడు. గాలి నిక్షేపంగా పోయింది.

"బాగానే ఉందిగా బావా."

"ఇప్పుడు బాగానే ఉంది. గురువారం ఉండట్లేదు. ఎందుకు?" అని ఆయన తనలో తానే ప్రశ్నించుకుంటూ షెడ్డంతా తిరిగాడు. సాయంత్రం నర్సమ్మ రాగానే, "రేపు నేను నీ వెనక కూర్చుంటానమ్మా" అన్నాడు. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. వద్దనలేక తల ఊపింది.

గురువారం పొద్దున్న నర్సమ్మ నడుపుతోంది, వెనక బావ, వాళ్ల వెనక పాత మోటార్‌సైకిలు మీద నేను. ఆవిడ తన ఇంటి ముందు బండి ఆపి, "ఒక్క నిమిషం" అని లోపలికెళ్లి, ఒక గుడ్డసంచి తెచ్చింది. లోపల ఏవో గలగలమంటున్నాయి. సంచిని హ్యాండిలుకి తగిలించి, ఊగకుండా దాని పట్టీని రెండు చుట్లు బిగించి కట్టింది. కట్టేటప్పుడు బావ వైపు చూడలేదు. బావ ఆకాశం వైపు చూస్తున్నాడు.

మూడో మలుపు దాటాక దగ్గు వినిపించింది. ఖళ్, ఖళ్. బండి నీరసపడి ఆగింది.

"ఆగింది! ఆగిందిరోయ్!" అని బావ ఎగిరి గంతేశాడు. అవతల నర్సమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటోంది, ఇవతల ఈయన గంతులు. దారిన ఎవరైనా పోతూ చూసి ఉంటే మా గురించి ఏమనుకునేవాళ్లో.

బావ ట్యాంకు మూత తిప్పాడు. స్స్‌స్ అని లోపలికి గాలి పీల్చుకుంది ట్యాంకు, బావినుంచి పైకి తీసిన మనిషిలాగ. తర్వాత గొట్టం పట్టుకుని, చూపు ఆనదు కనక, వేళ్లతో తడుముకుంటూ పైకి వెళ్లాడు. వేళ్లు సంచి పట్టీ దగ్గర ఆగిపోయాయి. పట్టీ కింద గొట్టం చపాతీలా అణిగిపోయి ఉంది. కుదుపుకి సంచి ఊగినప్పుడల్లా పట్టీ ఇంకాస్త బిగుస్తోంది. పావుగంట ఆగితే ఆ నొక్కులోంచే కాస్త గాలి దూరి, బండి మళ్లీ కదిలేదన్నమాట.

"ఒరేయ్, నువ్వెళ్లి నీ బండి చూసుకో" అన్నాడు నాతో.

అక్కడ నీళ్ల డ్రమ్ము లేదు గనక నర్సమ్మని ఒక పెద్ద బండరాయి వెనక్కి తీసుకెళ్లాడు. నా బండికేం రోగం, అది బాగానే ఉంది. పంతొమ్మిదేళ్ల ఉక్రోషం నాది. పిల్లిలా రాయి ఇవతల చేరి చెవి ఆనించాను.

"ఏముందమ్మా సంచిలో?" అన్నాడు బావ.

"కళ్లజోళ్లు" అంది నర్సమ్మ.

ఆవిడ మెల్లగా చెప్పుకొచ్చింది. పైన ఒక ముసలమ్మ కళ్లు కనబడక పొద్దుటి మాత్ర రాత్రి, రాత్రి మాత్ర పొద్దున్న వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకుందట. అప్పట్నుంచి ఊళ్లో వాళ్లు వాడి పక్కన పడేసిన కళ్లజోళ్లు అడిగి పోగుచేస్తోంది. నలభై మూడున్నాయి. గురువారం టీకాలయ్యాక ముసలివాళ్లని వరసగా కూర్చోబెట్టి, ఎవరికి ఏది ఆనితే అది ఇచ్చేస్తోంది. దిగేటప్పుడు మిగిలిన సంచి ఖాళీ ఐసుపెట్టెలో పడేస్తుంది. బండి దిగేటప్పుడు ఆగకపోవడానికి కారణం అదన్నమాట.

"ఆస్పత్రి బండి మీద ఆస్పత్రి సరుకు తప్ప ఇంకేదీ ఎక్కించకూడదని ఏడో నిబంధనండీ. నాకు ముందున్నాయన ఒకసారి మేకని ఎక్కించుకున్నాడని బదిలీ చేసేశారు. ఇది నా సంచివల్లే అని తెలిస్తే, కాగితంలో మనిషి లోపం అని రాస్తారు. నేను పోతే ఈ దారికి ఇంకెవరూ రారు. మూడు నెలల్నుంచీ బండిని తిట్టుకుంటున్నాను. నేనే దాని పీక నొక్కుతున్నానని నాకేం తెలుసు!"

"తెలిసుంటే నొక్కవుగా. అందరం అంతేనమ్మా" అన్నాడు బావ. అంతకంటే ఒక్క ముక్క అనలేదు. రాయి పక్కనుంచి వస్తూ నా కాలు తొక్కాడు. "బండి బాగుందా?" అన్నాడు. "బాగుంది బావా" అన్నాను కాలు పట్టుకుని.

సంచి నా మెడలో వేసుకుని పైకి ఎక్కాం. పల్లెలో టీకాలయ్యాక ఇంకో ముసలమ్మ వచ్చి కూర్చుంది. ఒకటి పెట్టుకుని చూసింది, తీసేసింది. రెండు, మూడు, తొమ్మిది. పన్నెండోది పెట్టుకుని నర్సమ్మ మొహంలో మొహం పెట్టి చూసి, "అయ్యో, నువ్వు ఇంత పెద్దదానివా! ఇన్నాళ్లూ చిన్నపిల్లవనుకుని ఏమే, ఒసే అంటున్నానే!" అంది. అందరం పడీ పడీ నవ్వాం. బావ మాత్రం సంచిలోకి ఒకసారి తొంగిచూసి, నేను చూస్తున్నానని గమనించి, చెట్లని పరీక్షించడం మొదలెట్టాడు.

ఆ సాయంత్రమే గొట్టాన్ని హ్యాండిలు జోలికి పోకుండా సీటు కిందుగా తిప్పి బిగించాడు. బండి వెనక ఒక గట్టి కొక్కెం కూడా వేశాడు.

శుక్రవారం బండ్ల ఆఫీసరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు కలాలు. నర్సమ్మ వెనక కూర్చుని కొండ మీదికెళ్లి తిరిగొచ్చేసరికి ఇస్త్రీ పోయింది, ఒక కలం పోయింది. "బండి ఆగలేదు" అని ఒప్పుకున్నాడు వణుకుతూ. "ఈ కొక్కెం ఏంటి?"

నర్సమ్మ గొడుగు తీసి కొక్కేనికి తగిలించింది. ఆఫీసరు "ఊఁ" అన్నాడు.

తర్వాత కాగితం తీశాడు. దాని మీద రెండు గళ్లున్నాయి. ఒకటి యంత్ర లోపం, రెండోది మనిషి లోపం. మిగిలిన కలం తెరిచి, "ఏమిటయ్యా మేస్త్రీ, జబ్బేమిటి?" అన్నాడు.

"ట్యాంకు గాలిగొట్టం అణిగిపోయిందండి. తీసి వేరే దారిలో వేశాను. ఇంక అణగదు."

"బాగుంది. ఎందుకు అణిగింది?"

నర్సమ్మ వేళ్లు కోటు బొత్తాం తిప్పుతున్నాయి. మా బావ గురించి నాకు తెలుసు. ఎందుకు అని అడిగితే చాలు, ఆ మనిషికి ఒళ్లు పులకరిస్తుంది. ఇప్పుడు స్టూలు లాక్కుంటాడు, మొదట్నుంచీ చెబుతాడు, నర్సమ్మ పని అయిపోతుంది. నేను కలం పట్టుకుని బిగుసుకుపోయాను.

బావ చెమట తుడుచుకున్నాడు. నోరు తెరిచాడు, మూశాడు. చేదుమాత్ర ఉమ్మేసినట్టు మొహం పెట్టి, "ఊరికే" అన్నాడు.

నా కలం కింద పడింది.

"ఏమిటీ?" అన్నాడు ఆఫీసరు.

"ఊరికేనండీ. ఒక్కోసారి అంతే. ఊరికే అణుగుతాయి" అన్నాడు బావ. రెండోసారి కొంచెం తేలిగ్గానే వచ్చింది.

మామూలు మనుషులకి 'ఊరికే' అన్నది పూర్తి సమాధానమండీ, ఆ సంగతి నేను మర్చేపోయాను. ఆఫీసరు తల ఊపి, "అవునవును, మా ఇంట్లో గడియారం కూడా అంతే" అని యంత్ర లోపం గడిలో టిక్కు పెట్టాడు. కింద 'సరిచేయబడినది, కొండ ప్రయాణం కొనసాగించవచ్చును' అని రాసి సంతకం చేసి వెళ్లిపోయాడు. నర్సమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టబోతే, బావ కంగారుగా పానాలు తుడవడం మొదలెట్టాడు.

వాళ్లు వెళ్లాక నేను పాత రికార్డులన్నీ దించి తిరగేశాను. పంతొమ్మిదేళ్లవి. ఊళ్లో ఆ నోటా ఈ నోటా విన్న ముక్కలు ఇప్పుడు ఒక్కొక్క గడి పక్కనా అతికాయి. 'బ్రేకు అరిగింది', అది బ్రేకు మీద కాలు పెట్టి నడిపిన కొత్త డ్రైవరు. 'ఇంజనులో నీళ్లు', అది తాగి వాగులో దింపినాయన, ఆ తర్వాత తాగడం మానేశాడు. 'హ్యాండిలు వంకర', అది భర్తకి చెప్పకుండా బండి నేర్చుకుంటున్న టీచరమ్మ. నా చేత్తో రాసిన ఒక్క గడిలోనూ ఒక్క మనిషి తప్పు లేదు. కారణం కనిపెట్టేదాకా బావ వదిలేవాడు కాదు. కనిపెట్టాక అది ఎవరికి కావాలో వాళ్లొక్కరి చెవిలో వేసి వదిలేసేవాడు. ఆ నీళ్ల డ్రమ్ముని చూసి నాకు సిగ్గేసింది. మా బావ మీద నాకెంత ప్రేముందో ఆ పూటే తెలిసింది. ఆయనకి మాత్రం చెప్పలేదు, 'ఎందుకు?' అని స్టూలు వేస్తాడు.

వారం తిరిగాక నర్సమ్మ షెడ్డుకొచ్చింది. గురువారం బండి ఎక్కడా ఆగలేదట. వెనక కొక్కేనికి సంచి వేలాడుతోంది.

"మేస్త్రీ గారూ, ఒకసారి ఇలా రండి" అని బావ చెయ్యి పట్టుకుని, ఈసారి ఆవిడే నీళ్ల డ్రమ్ము వెనక్కి తీసుకెళ్లింది. గలగలమని చప్పుడైంది. కాసేపు "ఇది కాదు", "ఇదీ కాదు" అని గుసగుసలు. తర్వాత "అబ్బో!" అని బావ గొంతు. బయటికొచ్చాడు. ముక్కు మీద ఊదారంగు ఫ్రేము, అంచుల్లో మెరుపులు, ఎవరో కాలేజీ అమ్మాయి వాడి పారేసింది. ఆయన గోడలు చూశాడు, రేకులు చూశాడు, చివరికి నా రికార్డు పుస్తకం చూశాడు.

"ఏరా, క్లచ్చుకి ఇన్ని 'చ'లు ఎందుకురా? పంతొమ్మిదేళ్ల నుంచీ ఇలాగే రాస్తున్నావా?"

మధ్యాహ్నం ఆ కళ్లజోడుతోనే ఇంటికొచ్చాడు. అక్క గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది.

"ఎక్కడిదండీ ఇది?"

"నర్సమ్మ ఇచ్చింది."

"ఎంత తీసుకుంది?"

"ఊరికే" అన్నాడు బావ.

అక్క నన్ను చూసింది, నేను అక్కని చూశాను. ఇక ఆపుకోలేకపోయాం. అక్క గరిటె వదిలేసి గడప మీద కూలబడి నవ్వుతోంది, నేను గోడ పట్టుకుని నవ్వుతున్నాను. బావ ఊదారంగు ఫ్రేములోంచి కళ్లు పెద్దవి చేసి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"ఎందుకు నవ్వుతున్నారు?"

"ఊరికే!" అన్నాం ఇద్దరం ఒక్కసారే.

లోపల్నుంచి స్టూలు కీచుమంది. ఇంక ఆ పూట భోజనాలు మూడింటికే.